ఒక పూట ప్రకృతి శిబిరంలో పిల్లలకు కప్పలు, తొండలు, పాముల గురించి చెప్పడం ఎలా?

ప్రశ్న: జూలైలో ఒక ఆదివారం ఊరి చెరువు గట్టు మీద ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 1 దాకా శిబిరం పెడుతున్నాం. 4 నుంచి 7వ తరగతి పిల్లలు 30 మంది వస్తారు. ఉభయచరాలు, సరీసృపాల గురించి చెప్పాలి. పాములు పట్టే అతన్ని పిలిపించి ఒక పాము చూపించవచ్చా? కప్పని పిల్లల చేతికి ఇవ్వవచ్చా? ఏమేం చేయించాలి?

సమాధానం:

ముందు పాము సంగతి తేల్చేద్దాం. పిలిపించకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా పాముని పట్టడం, దగ్గర పెట్టుకోవడం, ఆడించడం నేరం. చట్టం మాట అలా ఉంచినా, ఒక మనిషి చేతిలో వేలాడే పాముని చూసిన పిల్లవాడు నేర్చుకునేది ఒక్కటే, పాముని చేత్తో పట్టుకోవచ్చని. నెల తిరక్కుండా వాళ్ల పెరట్లోకి విషం లేని జెర్రిపోతు వస్తుంది, వీడు చెయ్యి పెడతాడు. అది జెర్రిపోతే అన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. పైగా ఆడించేవాళ్ల పాములకి చాలాసార్లు కోరలు పీకేసి ఉంటాయి, కొన్నిటికి నోరు కుట్టేసి ఉంటుంది. పిల్లలు చూసేది చావుకి దగ్గరపడిన జంతువుని. పాముని చూపించాలనే ఉంటే హైదరాబాద్‌లోనో విశాఖలోనో జూకి తీసుకెళ్లి అద్దం వెనక చూపించండి. అటవీశాఖతో కలిసి పనిచేసే, శిక్షణ ఉన్న పాముల రక్షకులు మీ జిల్లాలో ఉంటే వాళ్లని మాట్లాడటానికి పిలవండి, పాము లేకుండా. వాళ్ల కొక్కెం కర్ర, సంచీ చూపిస్తే చాలు, పిల్లలు నోళ్లు తెరుచుకుని వింటారు.

పాము మీద ఇంత పట్టుపట్టడానికి కారణం ఉంది. 2020లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో చనిపోయినవాళ్లు దాదాపు 12 లక్షల మంది, అంటే ఏడాదికి సుమారు 58,000. ఎక్కువ మరణాలు నమోదైన 8 రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. సగం చావులు జూన్ నుంచి సెప్టెంబర్ మధ్యే. మీ శిబిరం సరిగ్గా ఆ నెలల్లో పడింది. అందుకని కప్పలు, తొండల భాగం సరదాగా సాగనివ్వండి, పాముల భాగాన్ని జాగ్రత్తల పాఠంగానే నడపండి.

కాలం మాత్రం బాగా ఎంచుకున్నారు. చాలామంది వేసవి సెలవుల్లో పెడతారు, అప్పుడు కప్పల్లో చాలా భాగం మట్టిలోకి, రాళ్ల కిందకి వెళ్లిపోయి ఉంటాయి. రెండు మంచి వానలు పడ్డాక పది పదిహేను రోజులకి తోకకప్పలు చూడటానికి బాగుంటాయి.

ఒక రోజులో అన్నీ చెప్పాలని చూడకండి. పాఠ్యపుస్తకంలో కప్ప పక్కన సాలమాండర్ (బల్లిలా కనిపించే తోక ఉన్న ఉభయచరం) బొమ్మ ఉంటుంది. మన దేశంలో అది హిమాలయ, ఈశాన్య ప్రాంతాల్లో తప్ప లేదు, చెరువు గట్టు మీద దాన్ని ఎత్తనక్కర్లేదు. మొసలికి కూడా ఒక వాక్యం చాలు. చెరువులో ఉన్నదే పాఠం.

ముందురోజు ఇద్దరు పెద్దవాళ్లు అదే వేళకి వెళ్లి నడిచి చూడాలి. లోతు ఎక్కడ, జారేది ఎక్కడ, తోకకప్పలు ఏ మూల ఉన్నాయి, పుట్టలు, రాళ్ల కుప్పలు, తూము కట్టడం పగుళ్లు ఎక్కడున్నాయి అన్నీ గుర్తుపెట్టుకోవాలి. శిబిరం రోజు 7 గంటలకి మళ్లీ ఒకసారి తిరగాలి. దగ్గరలో పాముకాటు విరుగుడు మందు ఉన్న ఆసుపత్రి ఏదో ఫోన్ చేసి కనుక్కోండి. పేరు, దారి, పట్టే సమయం ప్రతి పెద్దమనిషి జేబులోనూ కాగితం మీద ఉండాలి. "ఉండే ఉంటుందిలే" అనుకోవద్దు, అన్నిచోట్లా ఉండదు. అందరికీ బూట్లు, పొడుగు ప్యాంట్లు. ఆరుగురికి ఒక పెద్దమనిషి చొప్పున ఐదు జట్లు. ఐదుగురు పెద్దవాళ్లు దొరక్కపోతే పిల్లల సంఖ్య తగ్గించండి. నీటి ఒడ్డుకి ఒక మీటరు ఇవతల తాడు పరిచి, దాన్ని దాటకూడదనండి. ముగ్గు పొడితోనో సున్నంతోనో గీత గీయకండి, వాన పడితే అది చెరువులోకే పోతుంది, సున్నం కప్పల చర్మాన్ని కాలుస్తుంది.

ఉదయం 8 గంటలకి మొదలుపెట్టగానే రెండు కీర దోసకాయలు తూకం వేయించండి. దాదాపు ఒకే బరువున్నవి, ఒక్కోటీ 150 గ్రాముల చుట్టూ ఉంటే బాగుంటుంది. ఒకదాన్ని అలాగే ఉంచండి. రెండోదానికి తొక్క పూర్తిగా తీసేసి మళ్లీ తూచండి. రెంటినీ విడివిడి పళ్లేల్లో గాలి, ఎండ తగిలేచోట పెట్టి, బరువులు బోర్డు మీద రాయించండి. వంటింటి ఎలక్ట్రానిక్ త్రాసు ఒక గ్రాము తేడా చూపించేదైతే చాలు. 10:45కి మళ్లీ తూచితే తొక్క తీసినది ఎక్కువ బరువు పోగొట్టుకుని, పైన మెత్తబడి ఉంటుంది. కప్ప చర్మం తొక్క తీసిన కీర లాంటిది, తొండ చర్మం తొక్క ఉన్న కీర లాంటిది. కప్ప నీళ్లు తాగేది నోటితో కాదు, చర్మంతోనే; ఊపిరి కూడా కొంత చర్మం గుండానే తీసుకుంటుంది. కాబట్టి లోపలి తడి బయటికి పోయినట్టే బయటి మందు లోపలికి వస్తుంది. పొలంలో కొట్టిన పురుగుమందు కప్పకి ఎందుకు తగులుతుందో అక్కడే వాళ్ల నోటితోనే చెప్పించవచ్చు. మబ్బు పట్టిన రోజైతే తేడా తక్కువ వస్తుంది, తూకం 12 దాకా ఆపండి. ఇక్కడ జరిగే తప్పు ఒకటే: కీరని ముక్కలుగా కోస్తారు. కోసిన ముఖం నుంచి కూడా తడి పోతుంది, లెక్క చెడిపోతుంది. తొక్క ఉన్నదాన్ని కోయకుండా అలాగే ఉంచాలి.

8:15 నుంచి 9:15 దాకా తొండల నడక. ఈ వేళే ఎందుకంటే, పొద్దున్న అవి ఒళ్లు వెచ్చబెట్టుకోవడానికి బయటికి వస్తాయి. 11 దాటాక నీడల్లోకి జారుకుంటాయి, మీరు ఎంత వెతికినా తోక కొన కూడా కనిపించదు. కంచె రాటల మీద, తుమ్మ కొమ్మల మీద తల ఊపే మగ తొండని చూడండి. వానాకాలం దాని గొంతు ఎర్రబడుతుంది. అది రక్తం పీల్చలేదు, జత కోసం, హద్దు కోసం వేసుకున్న రంగు అని చెప్పండి. పొదల కింద ఎండుటాకుల్లో సరసర పాకే నున్నటిది నలికిరి; కాళ్లు చిన్నవి కావడంతో చాలామంది దాన్ని పాము పిల్ల అనుకుని చంపుతారు. "తొండ ముదిరితే ఊసరవెల్లి" అని పిల్లలు తప్పక అంటారు. అనగానే కొట్టిపారేయకుండా రెంటి బొమ్మలు పక్కపక్కన పెట్టి తేడాలు వెతకమనండి. ఊసరవెల్లి కళ్లు దేనికది తిరుగుతాయి, వేళ్లు పట్టకారులా రెండు గుంపులుగా ఉంటాయి, తోక కొమ్మకి చుట్టుకుంటుంది. తొండకి ఇవేవీ లేవు. ఎన్నేళ్లు ముదిరినా రావు.

కోవిడ్ రోజుల్లో కొన్న తుపాకీ థర్మామీటర్ ఎవరింట్లోనో మూలనపడి ఉంటుంది, తెప్పించండి. కానీ నుదుటి జ్వరం చూసే మోడ్‌లో రాయి వేడి చూపదు, ఉపరితలం మోడ్‌లోకి మార్చాలి. ఎండలోని రాయి, నీడలోని మట్టి, ఆకుల కింద నేల, నీటి అంచు, నాలుగుచోట్లా కొలిపించి "ఇప్పుడు నువ్వు తొండవి, ఎక్కడ కూర్చుంటావ్?" అని అడగండి. 8:30కి ఒకసారి, 11:30కి ఒకసారి అడిగితే జవాబు మారుతుంది. "చల్లని రక్తం జంతువులు" అని నేర్పే మాట తప్పుదారి పట్టిస్తుంది; ఎండ కాచుకున్న తొండ రక్తం వెచ్చగానే ఉంటుంది. వేడి బయట నుంచి తెచ్చుకుంటుంది, అంతే తేడా. రాళ్లు ఎత్తడం పిల్లల పని కాదు. పెద్దవాళ్లు ఎత్తినా అవతలి అంచు పట్టుకుని తమవైపు వంచాలి. అప్పుడు తెరుచుకున్న వైపు అవతలికి ఉంటుంది, కింద తేలో పామో ఉంటే అటు పోతుంది. చూశాక రాయిని అదే గుంటలో అలాగే దించాలి. తిప్పి పడేస్తే దాని కింద ఉన్న తడి ఒక పూటలో ఆరిపోతుంది.

తర్వాత తోకకప్పలు. రోజంతటిలో పిల్లలు ఎక్కువసేపు కదలకుండా కూర్చునేది ఇక్కడే, గంట ఇవ్వండి. జట్టుకో తెల్ల ప్లాస్టిక్ టబ్, అందులో అదే చెరువు నీళ్లు 3 లీటర్లు, టబ్‌కి ఐదు తోకకప్పలు మించకూడదు. పట్టడానికి వల వద్దు, మెత్తటి తోక చిరుగుతుంది. సాంబారు గరిటెతో నీళ్లతో సహా తీయాలి, అదీ పెద్దవాళ్లే. టబ్ నీడలో ఉండాలి, 15 నుంచి 20 నిమిషాల్లో తీసినచోటే వదిలేయాలి. ఎండలో పెట్టిన తక్కువ నీళ్లు తొందరగా వేడెక్కుతాయి, వేడెక్కిన నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. తోకకప్పలన్నీ పైకి వచ్చి నోరు తెరుస్తుంటే టబ్ వేడెక్కిందనే అర్థం.

వేర్వేరు మూలల నుంచి తీసినవాటిని ఒకే టబ్‌లో కలపకండి. వానాకాలంలో పసుప్పచ్చగా మారి అరిచే పెద్ద గోండ్రు కప్ప పిల్లలు మాంసాహారులు, మిగతావాటిని పిల్లల కళ్ల ముందే తినేస్తాయి. తినడం తప్పేమీ కాదు, కానీ మూడో నిమిషానికే పాఠం ఏడుపులో కలిసిపోతుంది.

భూతద్దంతో కింది నుంచి చూడాలి. అందుకు ఒక తోకకప్పని నీళ్లతో సహా పారదర్శకమైన గాజు గ్లాసులోకి మార్చి కంటి ఎత్తుకి పట్టండి. పొట్ట పలచగా ఉంటుంది, లోపల పేగు జిలేబీలా చుట్టలు చుట్టుకుని కనిపిస్తుంది. నాచు గీక్కుని తినే జీవికి ఆకు అరగాలంటే అంత పొడుగు పేగు కావాలి. కప్ప అయ్యేసరికి, పురుగులు తినే వేళకి, అదే పేగు బాగా కురచబడుతుంది. తర్వాత కాళ్లు. ముందుగా బయటికి కనిపించేవి వెనక కాళ్లు. "తోక ఎప్పుడు ఊడిపోతుంది?" అని కచ్చితంగా అడుగుతారు. ఊడదు, ఒంట్లోకే కరిగిపోతుంది. ఆ రోజుల్లో నోరు మారుతూ ఉంటుంది కనుక అది ఏమీ తినదు, తోకే దాని అన్నం. ఈ మాటకి పిల్లల మొహాలు చూడాలి! నాలుగు కాళ్లు వచ్చినవి దొరికితే టబ్‌లో ఒక రాయి నీళ్లపైకి కనిపించేలా పెట్టండి, లేకపోతే మునిగి చస్తాయి.

గుడ్లని చూడండి కానీ తీయకండి. ముద్దలు ముద్దలుగా ఉంటే కప్పలవి. నల్లపూసల దండలా జిగురు తాడులో వరసగా ఉంటే గరుకు చర్మం కప్పవి, ఇళ్ల చుట్టూ తిరిగేదే. నీళ్లపైకి వంగిన కొమ్మకో తూము గోడకో తెల్లటి నురుగు ముద్ద అంటుకుని ఉంటే అది చెట్టు కప్ప గూడు, వేలు కూడా పెట్టనివ్వకండి.

చేతికి ఇవ్వవచ్చా అన్నారు. ముప్పై చేతుల్లోకి వద్దు. చేతి వేడి, చెమట ఉప్పు, దోమల క్రీము, సానిటైజర్ అన్నీ ఆ తొక్క తీసిన కీరలోకి పోతాయి. పట్టుకుని తీరాలంటే ఒక పెద్దమనిషి, సబ్బు లేకుండా చెరువు నీళ్లతో చేతులు బాగా తడుపుకుని, నేలకి జానెడు ఎత్తు మించకుండా, ఒక్క నిమిషం పట్టుకుంటే చాలు. గరుకు కప్పకి కళ్ల వెనక ఉబ్బుగా రెండు గ్రంథులుంటాయి, అందులో విషం ఉంటుంది. ముట్టుకుంటే పులిపిర్లు రావు, ఆ భయం తీసేయండి. కానీ ఆ చేత్తో కళ్లు నులుముకుంటే మండుతుంది. అయ్యాక అందరూ, ముట్టుకోనివాళ్లు కూడా, సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుక్కున్నాకే టిఫిన్. సరీసృపాల ఒంటి మీద, అవి తిరిగిన నీటిలో సాల్మొనెల్లా (వాంతులు, విరేచనాలు తెచ్చే బాక్టీరియా) ఉండవచ్చు. పూరీలు పంచే తొందరలో దీన్ని మర్చిపోవడం మామూలే.

టిఫిన్ అయ్యాక ఒక ఆట. ఆరుగురికి దువ్వెనలు (పళ్ల మీద గోరు గీస్తే ఒక రకం కప్ప), ఆరుగురికి గులకరాళ్ల జతలు, ఆరుగురికి గాలి ఊది వేలితో రుద్దే బుడగలు, ఇంకో ఆరుగురికి శనగలు పోసిన డబ్బాలు. మిగిలిన ఆరుగురూ ఆడ కప్పలు, కళ్లకి గంతలు. అందరూ ఒకేసారి మోగిస్తుంటే తన జాతి పిలుపు పట్టుకుని నడవాలి. రెండోసారి పక్కన బండి హారన్ మోగించండి, సగం మంది దారి తప్పుతారు. మీ ఊళ్లో వానల కోసం కప్పతల్లి ఆడే అలవాటు ఉంటే దాన్నీ ఎత్తుకోండి. కాకపోతే రోకలికి నిజం కప్పని కట్టకుండా చెరువు మట్టితో పిల్లలు చేసిన కప్పని కట్టి వేపమండలు పెట్టండి. పెద్దవాళ్లు కూడా ఏమీ అనరు.

11:30కి పాములు. పాత చీరలు పేని, లోపల గుడ్డలు కూరి, నిజం కొలతలతో తాళ్లు చేసి తెచ్చుకోండి: నాగుపాము మీటరున్నర, జెర్రిపోతు 2 మీటర్లు, కట్లపాము మీటరు, రక్తపింజర మీటరు కానీ లావుగా, చిన్నపింజర 35 సెంటీమీటర్లు, నీరుకట్టె 80 సెంటీమీటర్లు. వానపాములా ఉండే గుడ్డిపాముకి జానెడు కన్నా తక్కువ పురికొస ముక్క సరిపోతుంది. వీటిని 30 మీటర్ల కాలిబాట పక్కన ఆకుల్లో, రాయి పక్కన, గడ్డిలో ముందే దాచి, పిల్లల్ని ఒక్కొక్కరిగా నడిపించి ఎన్ని కనిపించాయో చెవిలో చెప్పమనండి. చిన్నపింజరని దాదాపు అందరూ దాటేసి పోతారు. రెండోసారి చూపించి "నీ కాలు ఇక్కడ పడింది" అంటే చాలు. రాత్రిపూట టార్చి ఎందుకో మళ్లీ చెప్పక్కర్లేదు.

ఇంటర్నెట్‌లో దొరికే "మూడు మూలల తల ఉంటే విషం, గుండ్రటి కంటిపాప ఉంటే విషం లేదు" అనే చార్టులు తెచ్చి గోడకి అంటించకండి. అది ఎక్కువగా అమెరికా పాములకి పనికొచ్చే లెక్క, అక్కడా పూర్తిగా కాదు. మన నాగుపాముకీ కట్లపాముకీ కంటిపాప గుండ్రమే, తల మూడు మూలలూ కాదు. ఆ చార్టు నమ్మినవాడు కట్లపాముని చేత్తో ఎత్తుతాడు. రక్తపింజరని కొండచిలువ పిల్ల అనుకుని పట్టుకునేవాళ్లూ ఉన్నారు. అందుకే పిల్లలకి గుర్తుపట్టడం నేర్పకండి. మూడు పనులు నేర్పండి: కదలకుండా ఆగు, మూడు పెద్ద అడుగులు వెనక్కి వెయ్యి, పెద్దవాళ్లని పిలువు. తాడు పాముల దగ్గరే ఒక్కొక్కరితో చేయించండి. పెద్దవాళ్ల పని దూరం నుంచి అది ఎటు పోతుందో కన్నేసి ఉంచి, అటవీశాఖకో రక్షకులకో ఫోన్ చేయడం.

కాటు సంగతి బొమ్మలాటలా చేయించండి. ఒకరు పడుకుంటారు. ఉంగరం, పట్టీలు, గడియారం తీసేయాలి, తర్వాత వాపు వస్తే రావు. కాలికి రెండు కర్రలు అటూ ఇటూ పెట్టి చున్నీతో కదలకుండా, బిగించకుండా కట్టాలి. నడిపించకూడదు. 108కి ఫోన్, కాటు పడిన సమయం కాగితం మీద. గట్టిగా తాడు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం, పసరు పూయడం, మంత్రగాడి దగ్గర ఆగడం వద్దు. పాముని చంపి ఆసుపత్రికి తేవక్కర్లేదు. నాగు, కట్ల, రక్తపింజర, చిన్నపింజర నాలుగిటికీ మన దగ్గర ఇచ్చేది ఒకే మందు; తెగిన తల కూడా కాసేపు కరవగలదు. కట్లపాము రాత్రి పడుకున్నవాళ్లని కరుస్తుంది, నొప్పి తెలియకపోవచ్చు. నేల మీద పడుకునే ఇళ్ల పిల్లలకి దోమతెర అంచు చాప కిందకి దోపడం చేసి చూపించండి.

ప్రశ్నల సమయంలో వచ్చేవి దాదాపు ముందే తెలుసు. పాము పాలు తాగుతుందా? రోజుల తరబడి నీళ్లివ్వని పాము ఏ ద్రవమైనా మింగుతుంది, పాలు దానికి అరగవు. ఇంట్లో నాగులచవితి చేస్తారు కదా అంటే పండగని తప్పుపట్టకండి, పుట్ట దగ్గర దండం పెట్టుకోవడానికి పాము బయటికి రానక్కర్లేదు అనండి. పగ పడుతుందా? మనిషి మొహం గుర్తుపెట్టుకునే పని దానికి లేదు. పెనవేసుకుని లేచినవి నాగూ జెర్రిపోతూ జతకట్టడమా? రెండూ మగ జెర్రిపోతులే అయి ఉంటాయి, అది కుస్తీ. రెండుతలల పాము కోట్లు పలుకుతుందట కదా? దానికి ఉన్నది ఒకే తల, తోక మొద్దుగా ఉండటం వల్ల అలా కనిపిస్తుంది. కోట్ల కథ మోసగాళ్లది, అమ్మినా కొన్నా జైలే. నక్షత్ర తాబేలుని అదృష్టమని ఇంట్లో పెట్టుకున్నవాళ్ల పిల్లలు కూడా జట్టులో ఉండవచ్చు. అందరి ముందు నిలదీయకుండా, శిబిరం అయ్యాక తల్లిదండ్రులతో విడిగా మాట్లాడండి.

భయపడే పిల్లలు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. బలవంతపెట్టకండి. తూకం రాసే పని, సమయం చూసే పని వాళ్లకివ్వండి, రెండు అడుగుల దూరం నుంచి చూస్తారు, చాలాసార్లు వాళ్లే దగ్గరికి జరుగుతారు. దీనికి ఎదురు జాతి ఒకటుంటుంది, నీళ్ల సీసాలో తోకకప్పని ఇంటికి తీసుకెళ్లేవాళ్లు. బస్సు ఎక్కేముందు సీసాలు వెలుతురుకి పట్టి చూడండి. ఇంట్లో కుళాయి నీటి క్లోరిన్‌తో, వేడితో అది చచ్చిపోవచ్చు. బతికినా ఇంకో నీటిలో వదిలితే అక్కడి కప్పలకి రోగం మోసుకెళ్లవచ్చు. మీ సామాను విషయమూ అంతే. వచ్చే వారం మరో చెరువు దగ్గర శిబిరం ఉంటే టబ్బులు, గరిటెలు, బూట్ల అడుగుల మట్టి బ్రష్‌తో రుద్ది కడిగి, రెండు రోజులు మంచి ఎండలో పూర్తిగా ఎండబెట్టాకే తీసుకెళ్లండి.